పాటకి నంబరేటి?

మీ ఇంట్లో సబ్బు కవరు ఉందా? పోనీ, బిస్కట్ల పొట్లం ఉందా? ఒకటి తెచ్చి ముందు పెట్టుకోండి. వెనక్కి తిప్పి చూడండి. ఒక మూల నల్లటి గీతలు కనిపిస్తాయి. కొన్ని సన్నం, కొన్ని లావు. దువ్వెన పళ్లలాగ నిలబడి ఉంటాయి. వాటి కింద అంకెలు ఉంటాయి. వేలు పెట్టి ఆ అంకెలు చదవండి.

చాలా వరకు 8, 9, 0 అని మొదలవుతాయి. మొత్తం ఎన్ని అంకెలున్నాయో లెక్కపెట్టండి. 13 ఉండాలి. పొట్లం మరీ చిన్నదైతే చోటు చాలక 8 అంకెలే వేస్తారు.

ఈ గీతల్ని బార్‌కోడ్ అంటారు. సబ్బులకే కాదు, పాటల సీడీలకు కూడా ఇది ఉంటుంది. అయితే పాటల దగ్గర ఒక చిత్రం ఉంది. పాటలు పెట్టిన డబ్బాకి ఒక నంబరు. లోపల ఉన్న ఒక్కొక్క పాటకి మళ్లీ వేరే నంబరు. ఈ పాఠం ఆ రెండు నంబర్ల గురించి.

"ఒలమ్మ, పాటకి నంబరేటి? పాటంటే పాడుకోడానికి గాని లెక్కెట్టుకోడానికా?" అంటారేమో. అడగవలసిన మాటే.

పేరు చాలదా?

విజయనగరం చుట్టుపక్కల పైడితల్లి, పైడిరాజు అన్న పేర్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. వీధిలో నిలబడి "అప్పలనర్సమ్మా" అని కేకేస్తే నలుగురు తిరిగి చూస్తారు. మనిషి అయితే "ఏ అప్పలనర్సమ్మ? చెరువుగట్టు ఇంటావిడా, కోవెల పక్కావిడా?" అని అడుగుతాడు. లెక్కల పుస్తకం అలా అడగలేదు. అందుకే ఉపాధి పనికి జాబ్ కార్డు నంబరు పెట్టారు. ఒకరి కూలి డబ్బులు ఇంకొకరి ఖాతాలో పడితే ఎంత గొడవ!

పాటలకీ అదే చిక్కు. 'దేవదాసు' అని 1953లో ఒక సినిమా వచ్చింది. నాగేశ్వరరావు నటించాడు. 1974లో ఇంకో 'దేవదాసు' వచ్చింది. అందులో కృష్ణ. 2006లో మరో 'దేవదాసు' వచ్చింది. మూడింటిలోనూ పాటలున్నాయి. "దేవదాసు పాట పెట్టు" అంటే ఏది పెట్టాలి?

ఇంకో చిక్కు చూడండి. గాయని పి. సుశీల మన విజయనగరంలోనే పుట్టింది. 1935లో. ఆవిడ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒకలా రాస్తారు, ఇంకొకరు ఇంకోలా రాస్తారు. చదివిన మనకి ఒకే మనిషి. కంప్యూటరుకి మాత్రం ఒక్క అక్షరం మారినా ఇంకో మనిషే. ఆవిడ పాటలేమో ఒకటీ రెండూ కాదు. 2016లో గిన్నిస్ పుస్తకం వాళ్లు లెక్క కట్టి 17,695 పాటలని రాశారు. రోజుకి ఒక పాట చొప్పున విన్నా 48 ఏళ్లు దాటుతుంది. ఇన్నింటిలో ఏది ఏదో పేరుతో పోల్చుకోవడం ఎవరి తరం?

పాట చివర పేరు చెప్పిన గౌహర్ జాన్

ఈ బాధ రికార్డులు పుట్టిన నాడే మొదలైంది. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఆయన గ్రామఫోన్ కంపెనీ తరపున కలకత్తా వచ్చాడు. మన దేశంలో తొలి రికార్డులు చేసింది అప్పుడే. గౌహర్ జాన్ అనే గాయని ఆ రికార్డులకి పాడింది. పాట అయిపోగానే ఆవిడ గట్టిగా "నా పేరు గౌహర్ జాన్" అని ఇంగ్లీషులో చెప్పేది. గొప్ప కోసం కాదు. కలకత్తాలో పాడిన పాటని జర్మనీ దేశంలో హానోవర్ అనే ఊరికి పంపేవారు. రికార్డులు అచ్చయ్యేది అక్కడ. అక్కడి పనివాళ్లకి మన భాష రాదు. ఏ పాట ఎవరిదో వాళ్లకి తెలియాలంటే పాటలోనే పేరు ఉండాలి.

నాకైతే ఈ సంగతి చాలా నచ్చింది. ఒక ఆడమనిషి తన పాట మీద తన నోటితోనే ముద్ర వేసింది.

తరవాత తరవాత నంబర్లు పెట్టారు. నల్లటి గ్రామఫోన్ రికార్డు చూసిన పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే అడగండి. మధ్యలో గుండ్రటి కాగితం ఉండేది. హెచ్.ఎం.వి. రికార్డు అయితే కుక్క బొమ్మ ఉండేది. ఆ కాగితం చుట్టూ, పాట అయిపోయిన ఖాళీ చోట, చిన్న చిన్న అంకెలు గీసి ఉండేవి. వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే కనిపించేవి. ఆ వైపు పాటకి అదే గుర్తు. రెండో వైపు పాటకి ఇంకో నంబరు. చెయ్యి మారినా, కాగితం ఊడిపోయినా, ఆ నంబరు పోదు.

చిన్న అక్షరాలు చదివారా?

క్యాసెట్లు వచ్చాక పాటలు ఊరూరా తిరిగాయి. మనకి 1980ల నుంచి ఇవి బాగా వచ్చాయి. జాతరల్లో, సంతల్లో, బస్సు కాంప్లెక్సుల దగ్గర బళ్ల మీద పెట్టి అమ్మేవారు. అప్పుడే 'హిట్స్' క్యాసెట్లు ఎక్కువయ్యాయి. ఒక సినిమా పాటలు కాదు, పది సినిమాల నుంచి ఏరి కూర్చిన పాటలు. 'సుశీల హిట్స్' ఒకటి, 'ఘంటసాల, సుశీల యుగళగీతాలు' ఒకటి, 'భక్తి పాటలు' ఒకటి. ఒకే పాట ఈ మూడింటిలోనూ ఉండొచ్చు. వీటిని సంకలనాలు అంటారు. రకరకాల పువ్వులు కలిపి కట్టిన కదంబం దండ లాంటివి.

ఈ రోజుల్లోనే ఒక మోసం కూడా నడిచింది. క్యాసెట్ మీద సినిమా పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. హీరో, హీరోయిన్ల బొమ్మ ఉంటుంది. ఇంటికెళ్లి వేస్తే గొంతు వేరే. అదే పాటని వేరేవాళ్లతో పాడించి అమ్మేవారు. పాడినవాళ్ల పేర్లు అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేవి. చదువు రానివాళ్లు ఏమి చేస్తారు? బొమ్మ చూసి కొనేవారు. చదువు వచ్చినవాళ్లు కూడా మోసపోయారనుకోండి. అంత చిన్న అక్షరాలు ఎవరు చూస్తారు?

2012లో చట్టం మార్చారు. ఒక పాటని వేరేవాళ్లు మళ్లీ పాడి అమ్మాలంటే, మొదటి పాట వచ్చిన అయిదేళ్ల దాకా ఆగాలి. ఇది మళ్లీ పాడిన పాట అని కవరు మీద రాయాలి. అసలు పాడినవాళ్ల పేరూ బొమ్మా పెట్టి కొనేవాళ్లని తికమక పెట్టకూడదు.

ఇసకలో గీసిన గీతలు

ఇప్పుడు మళ్లీ మీ సబ్బు కవరు దగ్గరికి రండి.

ఈ గీతల ఆలోచన అమెరికా దేశపు వుడ్‌ల్యాండ్ అనే ఆయనది. 1949లో మయామీ అనే ఊళ్లో సముద్రం ఒడ్డున కూర్చున్నాడు. ఆయనకి తంతి భాష వచ్చు. పోస్టాఫీసులో టెలిగ్రాం కొట్టేవారు గుర్తుందా? కట్, కడ, కట్, కట్ అని చుక్కలూ గీతలూ. మన దేశంలో టెలిగ్రాం 2013లో ఆపేశారు. ఆ చుక్కల్నీ గీతల్నీ ఆయన ఇసకలో పెట్టి, వేళ్లతో కిందికి లాగాడు. చుక్క సన్న గీత అయింది. గీత లావు గీత అయింది. రోజూ వాకిట్లో చుక్కలు పెట్టి ముగ్గు కలిపే మనకి ఇది కొత్త విద్య కాదు!

ఆలోచన వచ్చిన వెంటనే పని జరగలేదు. గీతల్ని చదివే మంచి మిషను రావడానికి పాతికేళ్లు పట్టింది. 1974 జూన్ 26న అమెరికాలో ఒక కొట్టులో మొదటిసారి బార్‌కోడ్ చదివి సరుకు అమ్మారు. ఆ సరుకు ఏదో తెలుసా? నోట్లో వేసుకుని నమిలే చూయింగ్ గమ్.

మిషను ఎలా చదువుతుంది? దానిలోంచి వెలుగు వస్తుంది. ఆ వెలుగు గీతల మీద పడుతుంది. తెల్లటి చోట పడిన వెలుగు తిరిగి వస్తుంది. నల్లటి చోట పడిన వెలుగుని నలుపు మింగేస్తుంది. ఎండలో నల్ల చీర కట్టుకుంటే ఎక్కువ వేడెక్కుతుంది కదా, అదే సంగతి. వెలుగు ఎక్కడ వచ్చింది, ఎక్కడ రాలేదు, ఎంతసేపు రాలేదు అన్నది చూసి మిషను అంకెలు పోల్చుకుంటుంది.

13 అంకెల్లో మొదటి మూడూ 890 అయితే, ఆ కంపెనీ నంబరు తీసుకున్నది ఇండియాలో అని అర్థం. మన దేశంలో ఈ నంబర్లు ఇచ్చే సంస్థ 1996లో మొదలైంది. ఇప్పుడు దాని పేరు జీఎస్1 ఇండియా. 890 ఉంటే సరుకు ఇక్కడే తయారయింది అని కొందరు చెబుతారు. అది తప్పు. నంబరు ఇక్కడ తీసుకుని సరుకు ఇంకెక్కడైనా చేయించవచ్చు. ఈ గీతల్లో ధర కూడా ఉండదు. ధర కావాలంటే ఎం.ఆర్.పి. అని ఉన్న చోట మీరే చదువుకోవాలి. సరుకు మంచిదో చెడ్డదో కూడా గీతలు చెప్పవు. అది ఏ సరుకో మాత్రం చెబుతాయి.

తరవాతి అంకెల్లో కంపెనీ నంబరు, సరుకు నంబరు ఉంటాయి. చివరి అంకె కాపలా అంకె. మిగతా 12 అంకెలూ సరిగ్గా ఉన్నాయో లేదో అది చూసుకుంటుంది. మీకు కూడికలు, గుణకారాలు వచ్చు కదా. చేసి చూద్దాం. పలక తీయండి.

మనం ఊరికే ఒక నంబరు రాసుకుందాం: 8901112223344.

చివరి 4ని పక్కన పెట్టండి. మిగిలినవి 12 అంకెలు: 8, 9, 0, 1, 1, 1, 2, 2, 2, 3, 3, 4.

మొదటి అంకె తీసుకోండి. ఒకటి వదిలి ఒకటి తీసుకోండి: 8, 0, 1, 2, 2, 3. కలిపితే 16.

ఇప్పుడు వదిలేసినవి: 9, 1, 1, 2, 3, 4. కలిపితే 20. దీన్ని మూడుతో గుణించండి. 60.

16, 60 కలిపితే 76. దీన్ని నిండు పదులు చెయ్యాలి. అంటే 80 కావాలి. 76కి ఎంత కలపాలి? 4. మనం పక్కన పెట్టిన అంకె అదే!

మిషను పొరపాటున 9ని 6 అని చదివిందనుకోండి. అప్పుడు 20 బదులు 17 వస్తుంది. మూడు పదిహేడులు 51. దానికి 16 కలిపితే 67. 70 కావాలంటే 3 కావాలి. కాని చివర ఉన్నది 4. లెక్క కుదరలేదు. మిషను చదవనంటుంది. కొట్టులో అమ్మాయి పొట్లాన్ని రెండోసారి చూపించేది అందుకే. మీ సబ్బు కవరు మీద 13 అంకెలుంటే ఈ లెక్క చేసి చూడండి. కుదురుతుంది.

ఇప్పుడు టీ కొట్టుల దగ్గర డబ్బులు కట్టడానికి పెట్టే చదరపు గుర్తు ఉంది కదా, అది వేరు. దాని పేరు క్యూఆర్ కోడ్. 1994లో జపాన్ వాళ్లు చేశారు. బార్‌కోడ్‌కి చెల్లెలు అనుకోండి.

డబ్బా నంబరు వేరు, పాట నంబరు వేరు

సీడీ మీద బార్‌కోడ్ ఉంది. అది డబ్బాకి. కొట్టువాడికి అది చాలు. ఎన్ని డబ్బాలు అమ్మాడో లెక్క తెలిసిపోతుంది. కాని లోపల ఏ పాటలున్నాయో గీతలు చెప్పవు. పప్పుల డబ్బా మీద నంబరు ఉన్నంత మాత్రాన ప్రతి గింజకీ నంబరు ఉన్నట్టు కాదు కదా.

2017లో సరిగమ కంపెనీ కారవాన్ అనే పాటల పెట్టె తెచ్చింది. పాత హెచ్.ఎం.వి. కంపెనీయే ఈ సరిగమ. చూడ్డానికి పాత రేడియోలాగ ఉంటుంది. మొదట వచ్చిన హిందీ పెట్టెలో 5,000 పాటలు నింపారు. తరవాత తెలుగు పెట్టె కూడా వచ్చింది. కొట్టులో అది ఒక్క సరుకే. పాటలో, వేలు!

అందుకని పాటకే ఒక నంబరు పెట్టారు. దాన్ని ఐ.ఎస్.ఆర్.సి. అంటారు. 1986లో ప్రపంచమంతటికీ ఒకే పద్ధతి ఏర్పరచారు. అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉంటాయి. మొదట రెండు అక్షరాలు. మన దేశంలో ఇచ్చినదైతే ఐ, ఎన్ అని ఉంటుంది. తరవాత మూడు, నంబరు పెట్టిన కంపెనీ గుర్తు. తరవాత రెండు అంకెలు, ఏ సంవత్సరంలో నంబరు పెట్టారో చెబుతాయి. చివర అయిదు అంకెలు ఆ పాటవి.

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా వినండి. ఈ నంబరు పాటకి కాదు, రికార్డు చేసిన ఒక్క పాడడానికి. అదేటి, రెండూ ఒకటి కాదా? కాదు.

'మిస్సమ్మ' సినిమా 1955లో వచ్చింది. దానికి సంగీతం కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయనది సాలూరు దగ్గర శివరామపురం. సుశీల అందులో పాడింది. అంటే పాట కట్టినవాడూ మనవాడే, పాడినావిడా మనావిడే. ఆ పాటని ఆ రోజు మద్రాసులో ఒకసారి రికార్డు చేశారు. దానికి ఒక నంబరు. అదే పాటని తరవాత ఎప్పుడో సభలో మళ్లీ పాడితే, దాన్ని రికార్డు చేసి అమ్మితే, దానికి ఇంకో నంబరు. వేరే అమ్మాయి పాడితే ఇంకో నంబరు. పాట ఒకటే. పాడడాలు మూడు. నంబర్లు మూడు.

తిరగేసి చూడండి. 1955 నాటి ఆ రికార్డునే 'సుశీల హిట్స్'లో పెట్టారు. 'సాలూరి హిట్స్'లో పెట్టారు. కారవాన్‌లో పెట్టారు. ఫోన్లో పెట్టారు. డబ్బాలు నాలుగు, వాటి గుర్తులు నాలుగు. లోపల పాట నంబరు మాత్రం ఒకటే ఉండాలి. పిల్ల అత్తారింట్లో ఉన్నా, కన్నారింట్లో ఉన్నా, ఆధార్ నంబరు మారదు. అలాగే ఇది.

ఇంకోటి. 1955 పాటకి నంబరు 1986 తరవాతే కదా వచ్చి ఉండాలి? అప్పటికి ఈ పద్ధతి లేదు మరి. అందుకని ఆ నంబరులో కనిపించే సంవత్సరం పాట పుట్టిన సంవత్సరం కాదు. పెద్దయ్యాక ఆధార్ కార్డు తీసుకున్న ముసలమ్మ లాంటిదన్నమాట ఆ పాట.

నంబరు ఎక్కడ ఉంటుంది? సీడీలో అయితే పాటతోపాటు లోపల దాగి ఉంటుంది. కంటికి కనపడదు. ఫోన్లో పాటలు వినిపించే కంపెనీల లెక్కల్లో ఉంటుంది. క్యాసెట్లో ఉండేది కాదు. అందుకే పాత క్యాసెట్ల నుంచి పాటలు ఎక్కించేటప్పుడు ఏది ఎవరిదో తేల్చుకోవడం కష్టం.

డబ్బుల సంగతి

"ఇదంతా కంపెనీలోళ్ల గొడవ. మనకేటి?" అనకండి.

ఫోన్లో పాట ఎన్నిసార్లు విన్నారో ఈ నంబరు పట్టుకునే లెక్క కడతారు. లెక్కని బట్టి డబ్బులు వస్తాయి. నంబరు తప్పు పడితే లెక్క తప్పు. ఒకే రికార్డుకి రెండు నంబర్లు పడితే లెక్క రెండు ముక్కలు. పాట రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ వాటా ఇవ్వాలని 2012 చట్టంలో గట్టిగా రాశారు. ఆ వాటా హక్కుని కంపెనీకి రాసి ఇచ్చేయడానికి కూడా వీలు లేదు. అంతకు ముందు ఎందరో కవులు ఒక్కసారి ఇచ్చిన డబ్బుతో సరిపెట్టుకున్నారు.

ఇక మన పాటల సంగతి. ఉడుపుల్లో పాడుకుంటాం. గౌరమ్మ సంబరంలో పాడతాం. తిరగలి దగ్గర, ఉయ్యాల దగ్గర పాడతాం. ఎవరు కట్టారో తెలియదు. అమ్మ నేర్పింది, అమ్మకి అమ్మమ్మ నేర్పింది. ఇలాంటి పాట ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా పాడొచ్చు.

కాని పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన వంగపండు ప్రసాదరావు కట్టిన పాటలు అలాంటివి కావు. ఆయన మన యాసలోనే రాశాడు. 2020 ఆగస్టు 4న పోయాడు. ఆ పాటలు నోటినుంచి నోటికి ఊళ్లు దాటి పోయాయి. రాసింది ఎవరో తెలియకుండా పాడుకున్నవాళ్లూ ఉన్నారు. సంకలనం వేసేవాడు కవి పేరు ఉండాల్సిన చోట 'జానపదం' అని రాసేస్తే ఆ కవి మాయమైపోతాడు. నంబరు సరిగ్గానే ఉంటుంది. పక్కన ఉన్న పేరు తప్పుగా ఉంటుంది. నంబరు దాన్ని దిద్దదు. పేర్లు నింపేది మనిషే కదా. ఈ నంబరు ఉన్నంత మాత్రాన పాట వాళ్లదైపోదు కూడా. అది గుర్తే గాని పట్టా కాదు.

పాట పాతదే కావచ్చు. గొంతు మీది. ఈ రోజుల్లో ఫోన్ పట్టుకుని ఊళ్లోకి వచ్చి, "అప్పా, ఓ పాట పాడవా" అని రికార్డు చేసుకుని పోయేవారు ఉన్నారు. సరదాకి అయితే సరే. దాన్ని అమ్ముతారా, నంబరు పెట్టించి పదిమంది పాటలతో కలిపి సంకలనం వేస్తారా? అప్పుడు సంగతి వేరు. 1994 నుంచి మన చట్టంలో పాడినవాళ్లకి కూడా హక్కు ఉంది. మీ అనుమతి లేకుండా మీ పాట రికార్డు చేసి అమ్మకూడదు. మొదట ఈ హక్కు 25 ఏళ్లు అన్నారు. 1999లో 50 ఏళ్లు చేశారు. సినిమా గాయనికి ఎంత హక్కో, ఉడుపుల్లో పాడే గాయనికీ అంతే.

వాళ్లు సంతకం పెట్టమని కాగితం ఇస్తారు. వేలిముద్ర అడిగే రోజులు పోయాయి, మీకు సంతకం వచ్చు. ముందు చదవండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో రాసి ఇమ్మనండి. పాడినవాళ్ల పేరు అన్న చోట మీ పేరు ఉందా, 'బృందం' అని ఉందా చూడండి. నలుగురు కలిసి పాడితే నలుగురి పేర్లూ ఉండాలి. ఇచ్చే డబ్బు ఒక్కసారికా, పాట అమ్మినప్పుడల్లానా అడగండి. పాటకి పెట్టే ఐ.ఎస్.ఆర్.సి. నంబరు అదే కాగితం మీద రాయించుకోండి. ఇంకా నంబరు రాలేదంటే, వచ్చాక రాసి పంపుతామని రాయించుకోండి. కాగితం ఇంకో కాపీ అడిగి తీసుకుని, పట్టాదారు పుస్తకం పెట్టిన చోటే పెట్టుకోండి.